హైపోథిసిస్‌కు విగ్రహవాక్యం

మా అన్నయ్య కుటుంబం మా ఇంటి పై వాటాలోనే ఉంటుంది కాబట్టి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు రాత్రి భోజనాలయ్యాక పుస్తకాలు పట్టుకుని కిందికి దిగి వచ్చి, నా పక్కన కూర్చుని చదువుకోవడం రెండేళ్ళుగా అలవాటైపోయింది. మొన్న జూన్‌లో ఒక రాత్రి ఆ పిల్ల కళ్ళు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, పి హెచ్ ఓ టి ఓ అంటూ ఫొటోసింథసిస్ అనే మాటను అక్షరం అక్షరంగా పదిహేను సార్లు వల్లించడం విని, ఆ మాటకు అర్థమేమిటమ్మా అని అడిగాను. "అర్థం పుస్తకంలో లేదత్తా, డెఫినిషన్ ఉంది" అన్నది. ఆ డెఫినిషన్‌ను తప్పు లేకుండా అప్పజెప్పింది కూడా. అయితే ఫొటో అన్న ముక్కకు వెలుగుతో సంబంధం ఉందని గాని, సెల్‌ఫోనులో తీసే ఫొటోలోనూ ఉన్నది ఆ ముక్కేనని గాని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె దృష్టిలో అది పద్నాలుగు అక్షరాల ఒక ఫోన్ నంబరు లాంటిది.

నేను పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుని ఇంగ్లీషు మీడియంలో చేరిన మొదటి వారంలోనే నాకు ఎదురైన కష్టం, ఈ పిల్ల కష్టానికి సరిగ్గా తిరగేసిన రూపంలో ఉండేది. పాఠంలో ఏమి చెబుతున్నారో నాకు తెలుసు, ఏ మాటలతో చెబుతున్నారో తెలియదు. వృక్షశాస్త్రం లెక్చరరు గారు నల్లబల్ల మీద ఆకు బొమ్మ గీసి బాణాలు వేస్తుంటే, ఆ బాణాల చివర ఏమి జరుగుతున్నదో నేను తెలుగులో గడగడా చెప్పగలను. ఆయన రాసిన ఇంగ్లీషు మాటలను మాత్రం, వినబడినంత వరకు తెలుగు లిపిలో నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, ఇంటికి వచ్చి నాన్నగారి శంకరనారాయణ నిఘంటువులో వెతికేదాన్ని. స్పెల్లింగు తెలియని మాటను నిఘంటువులో వెతకడమంటే ఇంటి నంబరు తెలియకుండా ఊళ్ళో మనిషిని వెతకడమే. పట్టుదల వచ్చి ఒక దసరా సెలవుల్లో ఆ నిఘంటువును మొదటి పేజీ నుంచి బట్టీ పట్టడం మొదలుపెట్టాను. అబాండన్, అబేస్, అబాష్, అబేట్ అంటూ వారం రోజులు నడిచి, ఎ అక్షరమైనా దాటకుండానే ఆగిపోయింది. ఆ నాలుగు మాటలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి గాని, వాటిలో అబాష్ అనే మాటను వాడవలసిన అవసరం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

దారి దొరికింది వేరే చోట. అదే సంవత్సరం, అటక మీద నుంచి దించిన నా పాత జీవశాస్త్రం వాచకాన్ని కొత్త పుస్తకం పక్కన పెట్టుకుని ఒకే పాఠాన్ని రెండింటిలోనూ చదువుతుండగా, క్లోరోఫిల్ అన్న చోట తెలుగు పుస్తకంలో పత్రహరితం అని కనిపించింది. ఆ మాటను నేను అంతకు ముందు వందసార్లు రాసి ఉంటాను. పత్రం అంటే ఆకు, హరితం అంటే ఆకుపచ్చ. నిఘంటువు తీసి చూస్తే గ్రీకులో క్లోరోస్ అంటే లేత ఆకుపచ్చ, ఫిల్లాన్ అంటే ఆకు. ఇన్నాళ్ళూ నన్ను భయపెట్టిన మాట, నాకు ఎనిమిదో తరగతి నుంచీ తెలిసిన మాటకు ముందు వెనుకలు మారిన రూపమేనని తెలిసినప్పుడు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. ఆ రాత్రే రెండు పుస్తకాలనూ వరుసగా గాలించాను. ఉభయచరం అని మేము చదివినది ఆంఫీబియన్ అయింది. ఆంఫీ అంటే రెండు వైపులా, బయోస్ అంటే జీవితం. చతుష్పాదం క్వాడ్రుపెడ్ అయింది. మా తాతయ్య చదివిన కాలంలో హైడ్రోజన్‌ను ఉదజని, ఆక్సిజన్‌ను ఆమ్లజని అనేవారు. హైడ్రో అంటే నీరు, జెన్ అంటే పుట్టించేది. ఉదకాన్ని పుట్టించేది ఉదజని. తెలుగు పారిభాషిక పదాలను కూర్చిన పండితులు ఆ గ్రీకు, లాటిన్ మాటలను విప్పి చూసి, ముక్కకు ముక్క సంస్కృతంలో పేర్చి పెట్టారని నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళు కట్టిన మాటలు నోరు తిరగనివని అందరమూ నవ్వుకునేవాళ్ళం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఆ మాటలకు లోపల తలుపులు ఉండేవి.

ఈ పద్ధతికి తెలుగు బడిలో ఒక పేరు ఉంది. సమాసం ఇచ్చి విగ్రహవాక్యం రాయమంటారు, ఆ విగ్రహవాక్యాన్ని బట్టి సమాసం పేరు చెప్పమంటారు. కిరణముల చేత జన్యమైన సంయోగక్రియ అని రాయడం వచ్చిన పిల్లకు, ఫొటోసింథసిస్‌కు విగ్రహవాక్యం రాయడం కొత్త విద్య కాదు. వెలుగుతో చేసే కూర్పు. అందుకని మా మేనకోడలితో నేను మొదట చేయించిన పని ఇంగ్లీషు మాటలు వల్లింపించడం కాదు, ఆమె తెలుగు వ్యాకరణంలో మార్కుల కోసం చదివి మరిచిపోయిన సమాసాల పాఠాన్ని మళ్ళీ తెరిపించడం.

అక్కడ ఆమెకు అన్నింటికంటె నచ్చినది నఞ్ తత్పురుష. సత్యం కానిది అసత్యం, ఉచితం కానిది అనుచితం. హల్లు ముందు అ వస్తుంది, అచ్చు ముందు అన్ వస్తుంది. గ్రీకు నుంచి వచ్చిన మాటలలోనూ నియమం అచ్చంగా ఇదే. సిమెట్రీ లేనిది ఎసిమెట్రిక్, టిపికల్ కానిది ఎటిపికల్. కాని గాలికి సంబంధించిన ఏరో అచ్చుతో మొదలవుతుంది కాబట్టి, గాలి అక్కరలేనిది ఎనేరోబిక్. దానినే తెలుగు వాచకం అవాయు శ్వాసక్రియ అంటుంది. రెండు భాషలలో ఒకే నియమం ఉండడం కాకతాళీయం కాదని ఆమెకు చెప్పవలసి వచ్చింది. కలకత్తాలో న్యాయమూర్తిగా పనిచేసిన విలియం జోన్స్, 1786 ఫిబ్రవరిలో ఏషియాటిక్ సొసైటీలో చేసిన ప్రసంగంలో, సంస్కృతానికీ గ్రీకుకూ లాటినుకూ ధాతువులలోనూ వ్యాకరణంలోనూ ఉన్న పోలిక యాదృచ్ఛికం కాజాలదనీ, మూడూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలనీ చెప్పాడు. అలాగని తెలుగు ఆ కుటుంబానికి చెందినది కాదు. మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఉదాహరణలతో నిరూపించాడు. కాబట్టి ఆకు, నీరు, కాలు, పన్ను అనే మన అచ్చ తెలుగు మాటలకు ఇంగ్లీషులో చుట్టాలను వెతికి లాభం లేదు. పత్రం, ఉదకం, పాదం, దంతం అనే తత్సమాలకు మాత్రం ఆ పక్క దాయాదులు ఉన్నారు. దంతానికి డెంటల్, పాదానికి పెడల్, నామానికి నామినల్, మధ్యానికి మీడియం, యువకుడికి జువెనైల్. పత్రం అన్న మాటకు సంస్కృతంలో రెక్క అనే అర్థం కూడా ఉంది. గ్రీకులో రెక్కను ప్టెరాన్ అంటారు. హెలికాప్టర్‌ను విరవవలసినది హెలి దగ్గర కాదు, హెలికో దగ్గర; సుడి తిరిగే రెక్క అని దాని అర్థం. ఈ సంగతి విన్న రోజున ఆ పిల్ల పాఠం పక్కన పెట్టి అరగంట సేపు మేడ మీద వాళ్ళందరికీ చెప్పి వచ్చింది.

హైపోథిసిస్ సంగతి ఇంకా బాగుంటుంది. మన సైన్సు వాచకాలలో దానిని పరికల్పన అంటారు. ప్రయోగం చేయక ముందు, ఇలా జరుగుతుంది కాబోలునని తర్కంతో ఊహించి పెట్టుకునే మాట. దానిని విప్పితే హైపో అంటే కింద, థిసిస్ అంటే ఉంచడం. వాదానికి ఆధారంగా కింద ఉంచినది. సంస్కృతంలో హైపోకు దాయాది ఉప, థిసిస్‌లో ఉన్నది ధా ధాతువుకు దాయాది. ఆ రెండింటినీ కలిపితే మనకు వచ్చే మాట ఉపధానం. ఉపధానమంటే తలగడ. తల కింద పెట్టుకునేది. ముక్కలకు ముక్కలు లెక్క చూస్తే హైపోథిసిస్, తలగడ ఒకే మాట అవుతాయి. ఆ పిల్ల ఆ రోజు సైన్సు నోటుపుస్తకంలో హైపోథిసిస్ పక్కన చిన్న దిండు బొమ్మ గీసుకుంది. వాళ్ళ టీచరు గారు ఎరుపు సిరాతో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు, పాపం ఆమెకు మాత్రం ఏమి తెలుస్తుంది. కాని ఆ తరువాత సింథసిస్ వచ్చినప్పుడు అది సంధానమని ఆ పిల్లే చెప్పింది. సిన్‌కూ సంకూ నేరుగా రక్తసంబంధం ఉందని నేను చెప్పను గాని, రెండూ చేసే పని కలపడమే.

భూగోళంలో పెనిన్సులా వచ్చినప్పుడు నాకు మరో ముచ్చట దొరికింది. లాటిన్‌లో పెనె అంటే దాదాపు, ఇన్సులా అంటే ద్వీపం, దాదాపు ద్వీపమే. మనం ద్వీపకల్పం అంటాము. ఇందులో కల్పం అన్నది యుగాల లెక్కలో వచ్చే కల్పం కాదు, కొద్దిగా తక్కువైనది అనే అర్థం ఇచ్చే ప్రత్యయం. మూడు వైపులా నీళ్ళు, ఒక వైపు నేల ఉన్నదాన్ని రెండు భాషల వాళ్ళూ ఒకే చమత్కారంతో పిలిచారు. మ్యాపులో దక్కన్‌ను చూపించి ఈ సంగతి చెప్పిన తరువాత, ఆమె ఆ మాట స్పెల్లింగు మళ్ళీ తప్పు రాయలేదు.

అయితే ఈ దారిలో గోతులు ఉన్నాయి. ఒక రోజు మాన్యుస్క్రిప్ట్ అనే మాట వచ్చింది. నేను చెప్పక ముందే తానే విప్పాలని తొందరపడి, "మనువు అంటే మనిషి కదత్తా, మనుష్యుడు రాసింది" అన్నది. విగ్రహవాక్యం ముచ్చటగానే ఉంది, అర్థం కూడా అటూ ఇటూగా సరిపోయింది, కాని తప్పు. లాటిన్‌లో మానుస్ అంటే చేయి. చేతితో రాసింది, అంటే వ్రాతప్రతి. చేతితో చేసేది మాన్యువల్, చేతితో తయారుచేసేది ఒకప్పటి మాన్యుఫాక్చర్. శబ్దం ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉండదని చెప్పి, ప్రతి మాటనూ మూలాలు ఇచ్చే నిఘంటువులో చూసి గాని మేము మాటలు రాసుకునే కార్డు మీద ఎక్కించకూడదని నియమం పెట్టుకున్నాము. రెండో గొయ్యి పెట్రోలు ట్యాంకరు వెనుక కనిపించింది. నఞ్ తత్పురుష కొత్తగా తలకెక్కిన రోజులు. ఆ ట్యాంకరు మీద ఇన్‌ఫ్లేమబుల్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, మంట అంటుకోనిది అని అర్థం చెప్పి, అయితే అంత జాగ్రత్త ఎందుకని అడిగింది. అక్కడి ఇన్ నిషేధం కాదు, లోనికి అనే అర్థంలో వచ్చిన ఉపసర్గ; ఆ మాటకు అర్థం సులువుగా మంట అంటుకునేది అని. ఈ ఒక్క మాట తప్పుగా విరిస్తే పోయేది మార్కులు మాత్రమే కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పెద్ద మాటలు. పెద్ద మాటలతో వచ్చే చిక్కు నిజానికి చిన్నది. పాఠం అర్థం కాకుండా చేసేవి తరచుగా వాటి మధ్య దూరి కూర్చునే మాటలు. ఇంటర్ మొదటి సంవత్సరం క్వార్టర్లీ పరీక్షలో, ఏకదళబీజాలకూ ద్విదళబీజాలకూ వేరు వ్యవస్థలు రెస్పెక్టివ్లీ ఏవని ఒక ప్రశ్న వచ్చింది. రెస్పెక్ట్ అంటే గౌరవమని నాకు తెలుసు. మొక్కల వేళ్ళకు గౌరవమెందుకో తోచక, ఆ మాటను పట్టించుకోకుండా తల్లివేరు, పీచువేరు అని తోచిన క్రమంలో రాసి వచ్చాను. రెస్పెక్టివ్లీ అంటే వరుసగా అని, నా జవాబు తలకిందులైందని పేపర్లు ఇచ్చిన రోజున గాని తెలియలేదు. ఈ మాటకు మూలం వెతికినా అప్పటికప్పుడు ఉపయోగం ఉండదు. వేర్‌ఆజ్, హెన్స్, నెవర్దలెస్, ప్రొవైడెడ్ దట్, అన్‌లెస్ లాంటివన్నీ ఈ జాతివే. వీటిని వాక్యంలో పెట్టి, తెలుగులో అదే పని చేసే మాటతో జత కట్టి నేర్చుకోవలసిందే. కాగా, కాబట్టి, అయినప్పటికీ, అనే షరతు మీద, తప్ప. మన వాక్యంలో ఈ మాటలు చాలా వరకు క్రియకు చివర అతుక్కుని వస్తాయి, ఇంగ్లీషులో వాక్యానికి ముందే నిలబడతాయి. కాబట్టి అన్‌లెస్‌తో మొదలైన వాక్యాన్ని చదివే తెలుగు పిల్ల, చివరి వరకు వెళ్ళి మళ్ళీ వెనక్కి రావలసి ఉంటుంది. ఆ తిరుగు ప్రయాణం అలవాటయ్యే వరకు పిల్లలను తొందరపెట్టకూడదు.

ఎన్ని మాటలు నేర్చుకోవాలనే ప్రశ్నకు, నాకు తెలిసినంతలో తూకమైన సమాధానం రెండు పట్టికలలో ఉంది. ఒకప్పుడు బెంగాల్‌లో విద్యాశాఖలో పనిచేసి, అక్కడి పిల్లలు ఇంగ్లీషు చదవలేక పడే అవస్థను కళ్ళారా చూసిన మైకేల్ వెస్ట్, 1953లో సుమారు 2,000 అత్యవసర పదాల పట్టికను ప్రచురించాడు. ఆ పట్టికకు అవతల, చదువుల పుస్తకాలలో సబ్జెక్టు ఏదైనా సరే పదే పదే వచ్చే మాటలేవో తేల్చడానికి న్యూజిలాండ్‌కు చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 35 లక్షల పదాల పాఠ్యసామగ్రిని పరిశీలించి, 2000 సంవత్సరంలో 570 పద కుటుంబాలను ప్రకటించింది; ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం. విద్యావిషయక గ్రంథాలలోని ప్రతి వంద మాటలలో దాదాపు పది ఆ 570 కుటుంబాలకు చెందినవేనని ఆమె లెక్క. అసూమ్, డిరైవ్, ఎస్టిమేట్, ఇంటర్‌ప్రిట్, సిగ్నిఫికెంట్ అనేవి అందులోవి. నెవర్దలెస్, వేర్‌ఆజ్ కూడా అందులో ఉన్నాయి. దినపత్రికలోని కఠిన పదాలనూ, పోటీ పరీక్షల పుస్తకాలలోని వింత పదాలనూ పిల్లల చేత బట్టీ పట్టించే పెద్దలను చూసినప్పుడు, రోజుకు రెండు చొప్పున ఏడాదిలో పూర్తయ్యే ఈ పట్టికను వదిలి ఎక్కడికి పోతున్నారని నాకు అనిపిస్తుంది.

తెలిసిన మాటలు వేషం మార్చుకుని రావడం మరో తంటా. వాల్యూమ్ అంటే టీవీలో పెంచి తగ్గించేది అనుకునే పిల్లకు ఘనపరిమాణం అని చెప్పాలి. మీన్ అంటే సగటు. వర్క్ అంటే భౌతికశాస్త్రంలో బలం ప్రయోగించిన దిశలో వస్తువు కదలాలి. నెత్తిన యాభై కిలోల బియ్యం బస్తా పెట్టుకుని చదునైన నేల మీద నడిచే హమాలీ, ఆ బస్తా బరువుకు ఎదురుగా ఏ పనీ చేయనట్టే లెక్క. ఈ ఉదాహరణ విని మా వదిన, ఆ శాస్త్రవేత్తలను ఒకసారి మార్కెట్ యార్డుకు తీసుకురమ్మంది.

నేర్చుకున్నవి నిలవడానికి మేము జోళ్ళ డబ్బా ఒకటి పెట్టుకున్నాము. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. డబ్బాకు అట్టముక్కలతో మూడు అరలు చేశాము. కార్డుకు ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగు పారిభాషిక పదం, దాని విగ్రహవాక్యం, కింద ఆ పిల్ల సొంతంగా రాసిన ఒక ఇంగ్లీషు వాక్యం. మొదటి అరలోని కార్డులు రోజూ, రెండో అరలోనివి మూడు రోజులకు ఒకసారి, మూడో అరలోనివి ఆదివారాల్లో తీస్తాము. సరిగ్గా చెబితే కార్డు తరువాతి అరకు జరుగుతుంది, తప్పితే ఎక్కడున్నా మొదటి అరకు తిరిగి రావాలి. సొంత వాక్యం లేని కార్డును డబ్బాలోకి రానివ్వను. అర్థం చెప్పగలిగి, వాడలేకపోవడం నేను పడిన కష్టం.

ఈ పనిలో నాకు పెద్ద సాయం మా ఎదురింటి అబ్బాయి ఏడో తరగతి పుస్తకం. మా మేనకోడలు చదివే ప్రైవేటు బడి పుస్తకాలలో తెలుగు మాట ఒక్కటి కనిపించదు. ఆ అబ్బాయిది ప్రభుత్వ పాఠశాల. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాత, తెలంగాణలో 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా వాచకాలలో ఒక పేజీలో ఇంగ్లీషు పాఠం, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మాధ్యమం ఏది ఉండాలనే వాదంలోకి నేను దిగను. అది కోర్టుల దాకా వెళ్ళిన వాదం. నేను అటక మీది పుస్తకాన్ని దించి, రెండు పుస్తకాలను పక్కపక్కన పరిచి కష్టపడి కనుక్కున్నది, ఆ పిల్లవాడి పుస్తకంలో అచ్చై ఉంది. వాళ్ళ అమ్మగారు మాత్రం, సగం పేజీలు దండగ అని, తెలుగు వైపు ఎవరు చదువుతారని నాతో అన్నారు. వారం రోజులకని అడిగి తెచ్చుకున్న ఆ పుస్తకం మూడు వారాలుగా మా ఇంట్లోనే ఉంది.

ప్రస్తుతం డబ్బాలో 212 కార్డులు ఉన్నాయి. హైపోథిసిస్ ఎప్పుడో మూడో అరకు చేరింది. నెవర్దలెస్ రెండుసార్లు ముందుకు వెళ్ళి, రెండుసార్లూ మొదటి అరకే తిరిగి వచ్చింది. నిన్న రాత్రి ఆస్మాసిస్, అంటే ద్రవాభిసరణం వచ్చింది. అభిసరణమంటే ఒకరి వైపుగా నడిచి వెళ్ళడమని, ఆ మాట నుంచే అభిసారిక వచ్చిందని చెబితే, నీళ్ళు పొర దాటి ఎవరి కోసం వెళుతున్నాయత్తా అని అడిగింది. ఆస్మాసిస్‌కు గ్రీకులో నెట్టడం అని అర్థం. ఒకరు నడిచి వెళుతున్నాయన్నారు, ఒకరు నెడితే వెళుతున్నాయన్నారు. ఆ కార్డు వెనుక ఏ విగ్రహవాక్యం రాయాలో ఇద్దరికీ తేలలేదు. ఖాళీగానే మొదటి అరలో పెట్టాము.